కుంకుడు రసంతో కడిగిన పుట్టి

పెళ్ళై ఇరవై రెండు రోజులైంది. ఈ ఇరవై రెండు రోజుల్లో రాహేలుకు అత్తగారింట్లో నచ్చని వస్తువంటూ ఒకే ఒక్కటి ఉంది: పెరట్లో గోడకు ఆనించి బోర్లించిన పుట్టి.

మిగిలినవన్నీ నచ్చాయి. బావిలోంచి నీళ్ళు తోడేటప్పుడు గిలక చేసే కీచుమనే చప్పుడు నచ్చింది. ఏటి ఇసకలో పండిన కళింగర పుచ్చకాయను మోకాలికేసి కొట్టి, ముక్కలు చేసుకుని, రసం మోచేతుల దాకా కారుతుండగా తినడం నచ్చింది. లేవి వీధి మలుపులోనే సైకిలు గంట రెండుసార్లు మోగించి, గుమ్మం ముందుకొచ్చాక ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని దిగడం అన్నిటికంటే నచ్చింది. రాజంపేటలో పుట్టి, అనంతపురం కాలేజీలో ఇంటరు చదివిన పిల్ల ఇంత చిన్న చిన్న వాటికి ఇంతగా మురిసిపోతుందా అని అత్త వరమ్మకే ఆశ్చర్యంగా ఉండేది.

ఒక్క పుట్టి వాసనే రాహేలుకు పడలేదు. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, ఎనుము తోలు కప్పి కుట్టిన గుండ్రటి పడవ అది. లేవి వాళ్ళ నాయన ఓబన్న కుట్టింది. కర్నూలు దగ్గర తుంగభద్రలో తిరిగే పుట్లలో సగానికి ఓబన్న చేతి కుట్లే ఉండేవట. ఆయన పోయి నాలుగేళ్ళయింది. తోళ్ళు కుట్టిన చేతులతోనే కొడుకును చదివించి, మిషన్ బడిలో అయివారిని చేసి పోయాడు. ఈ ఒక్క పుట్టి మాత్రం ఇంట్లో మిగిలింది. ఎండాకాలం వస్తే లేవి దాన్ని ఏట్లో దించి, రైలు వంతెన స్తంభాల దగ్గర చేపలు పడతాడు. ఈసారి రాహేలును కూడా తీసుకుపోతానన్నాడు. ఆ మాట అన్న రోజు నుంచీ ఆమెకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఇంతలో వరమ్మ చెల్లెలి కూతురికి కాన్పు దగ్గర పడిందని కబురొచ్చింది. వరమ్మ చీరెలు మూట కట్టుకుని బయలుదేరుతూ గడప దగ్గర ఆగింది.

"నేనొచ్చేదాకా పుట్టి జోలికి పోవద్దండి. ఆదివారం నాటికి వొస్తా. ఆ పైన దించుకుందురు."

"అట్లే లేమ్మా," అన్నాడు లేవి. బస్సు కదిలి దుమ్ము అణిగాక రాహేలుతో, "అమ్మకు ప్రతి ఏడూ ఇదే పాట. ఎండాకాలం మొదట్లో ఒకరోజు నన్ను ఏదో పని చెప్పి ఇంట్లోంచి తరిమేస్తాది. పుట్టి దగ్గర ఒక్కతే కూచుంటాది. నేనొచ్చేసరికి కండ్లు ఎర్రగా ఉంటాయి. నాయన గుర్తొస్తాడేమో. నేను అడగను," అన్నాడు.

అడగకపోవడం మర్యాద అనుకున్నాడు లేవి. రాహేలుకు కూడా అది మర్యాదగానే తోచింది. ఇంత మెత్తటి మనసున్న మనిషి తన మొగుడయ్యాడని ఆ రాత్రి దేవునికి స్తోత్రం కూడా చెప్పుకుంది.

కానీ ఆదివారం దాకా ఎవరాగుతారు? సోమవారం నుంచి లేవికి పరీక్ష కాగితాలు దిద్దే పని పడింది. ఆదివారం ఆరాధనకు పోవాలి, ఉన్నది శనివారం ఒక్కటే. "అమ్మకు తర్వాత చెప్పుకుందాంలే," అన్నాడు. రాహేలు అంతకంటే ముందే ఒప్పేసుకుంది.

శుక్రవారం లేవి బడికి పోగానే ఆమె కొంగు దోపుకుని పెరట్లోకి దిగింది. మొదటిసారి మొగుడితో ఏట్లోకి పోతూ ఆ కంపులో కూర్చోవడమా? పెళ్ళికి పెట్టిన కనకాంబరం రంగు చీర కట్టుకుందామనుకుంటోంది. డేగిశా నిండా నీళ్ళు కాచింది. కుంకుడు కాయలు చితక్కొట్టి రసం తీసింది. బూడిద, కొబ్బరి పీచు, పగిలిన పెంకు ఒకటి దగ్గర పెట్టుకుంది. ఇక మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా రుద్దింది. తోలంతా తేలిగ్గానే తెల్లబడింది కానీ కుట్ల వెంబడి నల్లగా, గట్టిగా, వేలు మందాన పట్టిన మురికి మాత్రం ఒక పట్టాన వదల్లేదు. వేడినీళ్ళు పోసి పెంకుతో గీకితే ముద్దలు ముద్దలుగా లేచి వచ్చింది. అంతా కాలవలోకి తోసేసి, పుట్టిని నడి ఎండలో వెల్లకిలా పెట్టింది.

ఏప్రిల్ నెల కర్నూలు ఎండ. సాయంత్రానికి తోలు తంగేడు పూవు రంగుకు తిరిగింది. కుట్లు ఎంత అందంగా కనిపించాయో! ఒక్కొక్క సూది చిల్లూ విడివిడిగా, పలక మీద పిల్లలు పెట్టిన చుక్కల్లాగా. రాహేలు ఒక వరుస మొత్తం లెక్కపెట్టింది. నూట పద్నాలుగు. మామగారి చేతి పనితనానికి మురిసిపోయింది. ఎండకు బిగుసుకుంటూ తోలు అప్పుడప్పుడు టక్కుమంటుంటే మాత్రం ఎందుకో ప్రతిసారీ అటు తిరిగి చూసింది. కొత్త వస్తువు చప్పుడు చెయ్యదా ఏమిటి అని సర్దిచెప్పుకుంది.

లేవి వచ్చి చూసి నోరు తెరిచాడు.

"ఇది మా పుట్టేనా? పెండ్లికూతురు మాదిరి మెరుస్తాండాదే!" వంగి వాసన చూశాడు. "కుంకుడు కాయ! రాహేలూ, నా తలకాయ గూడా ఇంత బాగ రుద్దుకోలేదు నేను ఎప్పుడూ."

ఆమె ఆ మాట తలుచుకుంటూ నిద్రపోయింది.

శనివారం ఎండ ముదరకముందే బయలుదేరారు. లేవి పుట్టిని నెత్తిన బోర్లించుకుంటే నడుం దాకా మునిగిపోయి, పైన గొడుగు, కింద కాళ్ళు మాత్రమే కనిపించాయి. రాహేలు తెడ్డు భుజాన వేసుకుని, వల ఉన్న బుట్ట చంకన పెట్టుకుని, గుడ్డలో కట్టిన సంకటి ముద్దలు చేత్తో పట్టుకుని వెనక నడిచింది. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక ఊరి చుట్టూ వెలిసిన ఆఫీసు గుడారాల మధ్య నుంచి పోతుంటే, ఎవరో గుమాస్తాలు బయటికొచ్చి నడిచే గొడుగును చూసి నవ్వారు. రాహేలు కూడా నవ్వింది.

ఏటి ఇసకలో ఈరక్క దోస పాదులకు చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆమె మొగుడు చిన్న ఈరన్న పుట్టి నడిపే మనిషి, ఓబన్నకు పాత స్నేహితుడు.

"వరమ్మొదిన వొచ్చిందా అయివారూ?" అంది ఈరక్క నడుం పట్టుకుని లేస్తూ.

"రేపొస్తాది అత్తా."

"మరి ఆమె లేకనే దించుతాండారా? దానికి ఆమె చెయ్యి పడాల కదప్పా?"

"ఈ తూరి కోడలి చెయ్యి పడిందిలే. నిన్న పొద్దంతా దాంతోనే ఉన్నింది," అన్నాడు లేవి పుట్టి లోపలి నుంచి.

ఈరక్క రాహేలును పైనుంచి కిందికి చూసింది. "అవునా మే? సదువుకున్న పిల్ల ఈ పని యాడ చేస్తాదిలే అనుకుంటి. పనిమంతురాలివే!"

రాహేలు పొంగిపోయింది. నాలుగడుగులు వేశాక ఆ పొంగు కాస్త తగ్గింది. పుట్టి కడగడం ఇంత పెద్ద పనా? అత్త చెయ్యే పడాలంటే, అత్త కూడా ఏటా కడుగుతుందా? మరి వేలు మందాన మురికి ఎట్లా పేరుకుంది? ఆ ప్రశ్న మనసులో నిలబడేలోపే ఏరు వచ్చేసింది.

వేసవిలో తుంగభద్ర అంటే సగానికి పైగా ఇసకే. కానీ వంతెన కింద, రాతి స్తంభాల మొదళ్ళలో వరదలు తవ్విన మడుగులు ఎన్నడూ ఎండవు. నాలుగో స్తంభానికీ అయిదో స్తంభానికీ మధ్య నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. "ఎంత లోతు?" అంది రాహేలు. "నాయన ఒకసారి రాయి కట్టి తాడు వదిలినాడు. అయిదు నిలువులు పోయింది," అన్నాడు లేవి. ఆమెకు ఈత రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ఇద్దరూ అప్పుడు దాని గురించి మాట్లాడుకోలేదు.

పుట్టిలో కూర్చోగానే అది సగం చుట్టు తిరిగింది. రాహేలు కెవ్వుమని, మరుక్షణం కిలకిలా నవ్వింది. లేవి తెడ్డుతో ముందు వైపు నీళ్ళు తనవైపు లాక్కుంటూ నడిపించాడు. ఒడ్డు, వంతెన, ఆకాశం ఒకదాని తర్వాత ఒకటి ఆమె కళ్ళ ముందు తిరిగాయి. స్తంభం నీడలోకి రాగానే చల్లగా, పాచి వాసనతో ఒక గాలి తగిలింది. ఎంత హాయిగా ఉందో! పైన ఇనుప దూలాల్లో పావురాలు బొంగురు గొంతులతో మాట్లాడుకుంటున్నాయి. దూరంగా ఏడో స్తంభం దగ్గర చిన్న ఈరన్న పుట్టి చేటంత కనిపిస్తోంది.

"ఎండకు చేపలన్నీ ఈ నీడకే వొస్తాయి," అన్నాడు లేవి గొంతు తగ్గించి. "స్తంభం మొదట్లో పెద్ద పెద్ద గుండ్లు వేసినారు, పునాది కొట్టుకుపోకుండా. ఆ సందుల్లో దాక్కోని ఉంటాయి. నువ్వు ఆ పక్క కూచో, కదలొద్దు. నేను ఈ పక్క మోకాళ్ళ మీద నిలబడి విసురుతా."

విసురువల తాడు కొసన ఉన్న ఉచ్చును ఎడమ మణికట్టుకు తగిలించుకున్నాడు. వల కూడా ఓబన్నదే. అంచున సీసపు గుండ్లు. లేవి నడుం తిప్పి విసిరితే అది గాలిలో గుండ్రంగా విచ్చుకుని, నీళ్ళ మీద వాన చినుకుల చప్పుడుతో పడింది. మెల్లగా లాగాడు. మూడు జెల్లలు, అరచేయంత బొచ్చె పిల్ల ఒకటి. రాహేలు చప్పట్లు కొట్టబోయి, కదలొద్దన్న మాట గుర్తొచ్చి వేళ్ళు మాత్రం కలిపింది.

అప్పుడు చూసింది. తన పాదం పక్కన, కుట్టు మీద ఒక నీటి బొట్టు.

వల నుంచి పడిందేమో. కొంగుతో తుడిచింది. అదే చోట మళ్ళీ వచ్చింది. పై పెదవి మీద చెమట పట్టినట్టు మెల్లగా ఉబ్బి, నిలబడి, జారింది. దాని పక్కన ఇంకొకటి. రాహేలు వంగి చూసింది. కుట్టు పొడవునా, ఒక్కొక్క సూది చిల్లులో ఒక్కొక్క బొట్టు.

"ఏమండీ, పుట్టిలోకి నీళ్ళు రావడం మామూలేనా?"

"తోలు కదా, కొంచెం చెమరుస్తాది," అన్నాడు లేవి వల విదిలిస్తూ, అటు తిరగకుండానే. "చూడు, ఆ సందులో ఏదో పెద్దది కదిలింది."

రాహేలు పుట్టిలో ఉన్న కొబ్బరి చిప్పతో తోడి పోసింది. ఒక చిప్ప. తర్వాత రెండు. బొట్లు కలిసి సన్నటి దారంలా పారడం మొదలుపెట్టాయి. నిన్న గీకిన నల్లటి ముద్దలు కళ్ళ ముందు కదిలాయి. మురికైతే తోలంతా ఉండాలి కదా? తోలు మీద పొరలాగా కూడా లేని మురికి, కుట్ల మీద మాత్రమే, వేలు మందాన, కొలిచి పూసినట్టు ఎందుకుంటుంది? ఎవరో పూస్తే ఉంటుంది. ఎందుకు పూస్తారు?

చిప్ప పక్కన పెట్టేసింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది. లేవి వల మడతలు సర్దుకుంటూ, నాలిక కొస పంటి కింద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఆ సందు వైపే చూస్తున్నాడు. నా తలకాయ గూడా ఇంత బాగ రుద్దుకోలేదు అన్న మనిషి. ఈరక్క చేత పనిమంతురాలివి అనిపించుకుని గంట కూడా కాలేదు. మీ నాయన కుట్టిన పుట్టిని నేను పాడు చేశానని ఎట్లా చెప్పడం? ఈ ఒక్క విసురూ అయిపోనీ. అయిపోగానే, ఎండ ఎక్కువైంది పోదాం అంటాను. ఒడ్డుకు చేరాక చెబుతాను. ఒక్క విసురే కదా.

పాదంతో కుట్టును గట్టిగా అదిమి పెట్టింది. అదిమిన చోట ఆగి, పక్కనుంచి వచ్చింది.

లేవి విసిరాడు. వల మునిగింది. కాసేపాగి లాగితే, తాడు రాలేదు.

"గుండ్ల సందులో తగులుకున్నట్టుంది," అంటూ మళ్ళీ లాగాడు. తాడు కర్రలా బిగుసుకుంది. పుట్టి అటువైపు ఒరిగింది. ఒరగగానే బరువంతా ఒక పక్కకు పడి, రాహేలు కాలి కింద కుట్టు పిట్టుమని రెండు సూది చిల్లుల మధ్య చీలింది. నీళ్ళు చిమ్మాయి. దారం కాదు, వేలంత ధార.

"నీళ్ళు!"

లేవి తిరిగి చూశాడు. మొహంలో రంగు మారింది. తాడు వదలబోయాడు కానీ ఉచ్చు మణికట్టులోకి దిగిపోయి ఉంది. సీసపు గుండ్ల బరువు, రాతి సందు పట్టు, పుట్టి బరువు అన్నీ కలిసి ఆ చేతి మీదే వేలాడుతున్నాయి. కుడిచేత్తో ఉచ్చు సడలించాలని చూశాడు. తడిసిన తాడు వేలికి దొరకలేదు.

"తోడు, రాహేలూ, తోడు!"

ఆమె తోడింది. తోడినదానికంటే వచ్చేది ఎక్కువ. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. జెల్లలు మళ్ళీ ప్రాణం పోసుకుని పాదాల చుట్టూ ఈదుతున్నాయి. ఈ పుట్టి మునిగితే తాను మునుగుతుంది, అది సరే. ఈత వచ్చిన ఆయన కూడా ఆ తాడుతో పాటే కిందికి పోతాడు. ఆ మాట తట్టగానే ఇక ఏ సిగ్గూ మిగల్లేదు.

చేతికి తగిలిన మూట విప్పింది. రాగి సంకటి, ఇంకా గోరువెచ్చగా ఉంది. ఒక ముద్ద మొత్తం పిడికిట పట్టి చీలిక మీద కొట్టి, మడమతో తొక్కిపట్టింది. ధార ఆగింది. ఆగిందని నమ్మలేక ఇంకో ముద్ద తీసి కుట్టు పొడవునా మెత్తింది. పుట్టిలోకి వచ్చే నీళ్ళు సగానికి సగం తగ్గాయి.

"ఇది నా వల్లే," అంది గబగబా, ఏడుపు, మాట ఒకటిగా. "నిన్న కుట్ల మీద నల్లగా ఉంటే మురికనుకుని గీకేశాను. అది మురికి కాదు. నాకు ఇందాకే తెలిసింది. తెలిసినా చెప్పలేదు. ఈ విసురు అయ్యాక చెబుదామని..."

లేవి ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో లెక్క ఇప్పుడు తేలుతున్నట్టు ఉంది.

"కత్తి ఉంది బుట్టలో," అన్నాడు.

బుట్ట ఆయన వెనకపక్క ఉంది. ఆయన తిరిగితే పుట్టి ఇంకా ఒరుగుతుంది. ఆమె లేస్తే సంకటి లేచిపోతుంది.

"మీ కాలు ఇట్లా ఇవ్వండి. నా కాలి మీద పెట్టండి. ఆఁ, గట్టిగా. ఇప్పుడు నేను తీస్తాను."

ఆమె పాదం జారిన చోట ఆయన పాదం దిగింది. రాహేలు మోకాళ్ళ మీద, నీళ్ళలో, పుట్టి అడుగుకు అతుక్కుపోయినట్టు పాకింది. పుట్టి ఊగిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది. చేపలు కోసే చిన్న కత్తి దొరికింది. తాడు మీద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. వల ఆయన నాయనది. ఇంకొక్కసారి లాగి చూస్తానంటాడేమో అనుకుంది.

"చూస్తావేంది, కొయ్!" అన్నాడు లేవి.

కోసింది. మూడు కోతలకు తెగింది. తెగగానే పుట్టి ఇటువైపుకు విసురుగా వాలి, అంచు మీదుగా బిందెడు నీళ్ళు లోపలికి దూకాయి. రాహేలుకు కీర్తనలు పాడి పాడి సాధన అయిన గొంతు. ఆ గొంతంతా పెట్టి అరిచింది.

"ఈరన్న మామా!"

వంతెన కింద ఆ కేక స్తంభం నుంచి స్తంభానికి కొట్టుకుని నాలుగు కేకలైంది. పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఏడో స్తంభం దగ్గర చేట కదిలింది.

అది దగ్గరికి వచ్చేదాకా పట్టిన సమయం రాహేలుకు ఎంతని చెప్పడం రాదు. లేవి తెడ్డుతో నీళ్ళు లాగి పుట్టిని స్తంభానికి ఆనించాడు. ఇద్దరూ చెరో చేత్తో రాతి అంచు పట్టుకున్నారు. పాచి పట్టిన రాయి; పట్టుకున్న ప్రతిసారీ వేళ్ళు జారుతున్నాయి. ఒక చేత్తో రాయి, ఒక చేత్తో చిప్ప, మడమ కింద సంకటి. "యెహోవా నా కాపరి" అని మొదలుపెట్టి రెండో మాట మరిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

"ఏమయివారూ, పెండ్లానికి ఈత పాఠం చెప్తాండావా?" అంటూ వచ్చాడు చిన్న ఈరన్న. పుట్టిలోకి తొంగి చూశాక నవ్వు ఆగిపోయింది. "తల్లీ, ముందు నువ్వు ఇట్ల రా. నిలబడొద్దు. పాక్కుంటా రా. అయివారూ, ఆ అంచు గట్టిగ పట్టుకో."

ఇద్దర్నీ తన పుట్టిలోకి లాక్కుని, మునగబోతున్న పుట్టిని తాడుతో వెనక కట్టుకున్నాడు. సగం దూరం పోయాక గానీ నోరు విప్పలేదు.

"ఎవురప్పా దాని కుట్లు వలిచి పెట్టింది?"

"నేనే మామా," అంది రాహేలు. "కుంకుడు రసంతో కడిగాను."

ఈరన్న తెడ్డు వెయ్యడం ఆపాడు. "కుంకుడు రసమా! ఓరి దేవుడా. కొవ్వు, గుగ్గిలం కలిపి కాంచి, కుట్లకు మెత్తాల తల్లీ. అది లేకపోతే తోలు పుట్టికీ జల్లెడకీ తేడా లేదు. ఎండలో గూడా పెట్టింటివా ఏమి?"

రాహేలు తలూపింది.

"ఇన్నేండ్లూ ఎవరు మెత్తినారు?" అన్నాడు లేవి.

"ఇంకెవురు? మీ నాయన ఉన్నప్పుడు ఆయప్ప. ఆయప్ప పోయినాక మీ యమ్మ. ఎండాకాలం మొదట్లో ఒక పూటంతా పొగలో కూచ్చోని కాంచుతాది. కండ్లు మండి నీళ్ళు కారిపోతాంటాయి. ఒకసారి నేనే అడిగితి, నీ కొడుకున్నాడు గదమ్మా, వాని చేత చేపిచ్చరాదా అని. 'వాడు చదువుకున్నోడు ఈరన్నా, బడికి పోయేవాడు, వానికి ఈ వాసనెందుకు' అనె. నీకు చెప్పొద్దని గూడా అనె."

లేవి ఉచ్చు కోసుకుపోయిన మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఒడ్డు దగ్గర పడుతుండగా రాహేలుకు ఇంకో గుబులు మొదలైంది. ఇసకలో ఎవరో వస్తున్నారు. నడిచి కాదు, పరిగెత్తి. కాళ్ళకు చెప్పులు లేవు. పొద్దు బాగా పైకెక్కింది, ఆ ఇసకలో పిల్లి కూడా అడుగు పెట్టదు. వరమ్మ. కాన్పు ముందురోజే అయిపోయిందట. ఒకరోజు ముందుగా ఇల్లు చేరి, పెరట్లో ఖాళీ గోడను, కాలవలో తేలుతున్న నల్లటి ముద్దలను చూసి, అట్లే వచ్చేసింది. వెనక ఈరక్క దోస పాదులు తొక్కుకుంటూ వస్తోంది.

వరమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ముందు కొడుకు మొహం తడిమింది, తర్వాత కోడలిది. లేవి మణికట్టు తిప్పి చూసింది. అప్పుడు వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"చెప్పిపోతి గదరా! నేనొచ్చేదాకా అని చెప్పిపోతి గదా!"

"పుట్టి నేనే కడిగినానమ్మా," అన్నాడు లేవి.

"నువ్వు కడిగే మొగమేనా అది? నీ పలక నువ్వు ఎన్నడన్నా తుడుచుకుంటివా?"

"నేను, అత్తా," అంది రాహేలు. "వాసన వస్తోందని..."

వరమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపు కింద రాహేలుకు నిలబడే చోటు లేనట్టయింది. తర్వాత ఆమె ఒడ్డున ఆగిన పుట్టి దగ్గరికి పోయి, నీళ్ళు వంచేసి, కుట్టు మీద వేలు పెట్టి, అతుక్కున్న సంకటిని గోటితో కొంచెం తీసింది.

"ఇదేంది?"

"సంకటి."

వరమ్మ దాన్ని నాలికకు తాకించి చూసింది. "ఉప్పు వెయ్యలేదు కదా?"

"లేదత్తా."

"ఇంకా మేలు. ఉప్పు తోలును తినేస్తాది." మళ్ళీ కుట్టు వెంబడి వేలు పోనిచ్చింది, చీలిన చోట ఆగింది. "ఇది విప్పి మళ్ళ కుట్టాల. నా చేతుల్లో అంత బలం లేదు. మీ మామ ఉంటే వేరే."

"నేను కుడతాను," అన్నాడు లేవి. "కొవ్వు గూడా నేనే కాంచుతా. ఎట్లనో నువ్వు చెప్పు."

"నీకెందుకురా అది? బడిపిల్లోల్లు ముక్కులు మూసుకుంటారు."

"మూసుకోనీ."

వరమ్మ ముఖం పక్కకు తిప్పుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈరక్క ఏదో అనబోతే చిన్న ఈరన్న ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

కాసేపటికి వరమ్మ కొంగు తీసి, "వాసన శానా దినాలు పోదు మే," అంది రాహేలుతో. "తలకు గూడా పడ్తాది. నువ్వు పక్కన కూచ్చోవాలంటే ఇప్పుడే ఆలోచించుకో."

"కూచ్చుంటా అత్తా."

"అట్లయితే పట్టండి. నా ఒక్కదానితో లేస్తాదా ఇది?"

ముగ్గురూ పుట్టిని ఎత్తి నెత్తిన బోర్లించుకున్నారు. ముందు వరమ్మ, వెనక లేవి, మధ్యలో రాహేలు. లోపల చీకటిగా, వేడిగా ఉంది. సూది చిల్లుల గుండా ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఇంకా కారుతున్న నీళ్ళు మెడ మీదుగా వీపులోకి జారుతున్నాయి. రాహేలు చెయ్యి దేనికోసమో వెనక్కి తడుముతుంటే, లేవి చెయ్యి వచ్చి పట్టుకుంది.

"బిరబిరా నడవండి," అంది వరమ్మ ముందు నుంచి. "కాళ్ళు కాలిపోతాండాయి."